ఎవరివో తెలియని గొంతులు

నేను రిటైరైన రోజున ఆఫీసులో చిన్న సభ పెట్టి, కేకు కోయించి, కొత్తగా చేరిన పిల్లలకు నా అనుభవాల్లోంచి ఏదైనా ఒకటి చెప్పమన్నారు. ఒకప్పుడు డిస్కులు మొరాయిస్తే పట్టు వదలకుండా కూర్చుని అంతా బాగుచేసిన కథ చెప్పి, చప్పట్లు కొట్టించుకుని దిగిపోయాను. అలాంటివి నా దగ్గర చాలా ఉన్నాయి. నిజానికి చెప్పాలనుకున్నది అది కాదు. చెప్పాలనుకున్నది నోటిదాకా వచ్చింది గానీ, ఎదురుగా కూర్చున్న మా మేనేజర్ ముఖం చూసి మింగేశాను. ఇప్పుడు ఇంట్లో ఉన్నాను. ఎవరి ముఖమూ చూడనక్కర్లేదు. స్టోరేజీ పనిలోకి వస్తున్న మీకోసం ఆ సంగతి రాస్తున్నాను. ఇందులో చివరికి ఏదీ బాగుపడదు. అది ముందే చెప్పడం మర్యాద.

మాది మాదాపూర్‌లో ఒక మధ్యరకం సంస్థ. ఆస్పత్రులకు, కాలేజీలకు సాఫ్ట్‌వేర్ తయారుచేసి, దాన్ని మా సొంత యంత్రాల మీదే నడిపేవాళ్లం. ఆ యంత్రాలుండే డేటా సెంటర్ ఆఫీసుకు కాస్త దూరంలో, కిటికీల్లేని ఒక భవనంలో ఉండేది. దాన్ని మా ప్రైవేట్ క్లౌడ్ అనేవాళ్లం. పేరు వింటే ఆకాశంలో తేలుతున్నట్టు ఉంటుంది గానీ, లోపలికి వెళితే వరసగా ఇనప బీరువాలు, వాటి నిండా డిస్కులు, చెవులు గింగుర్లెత్తించే ఫ్యాన్ల హోరు, స్వెటర్ లేకుండా నిలబడలేని చలి.

ఎవరైనా జాగా కావాలని అడిగితే ఆ డిస్కులన్నిటిలోంచి కొంత కొంత కలిపి ఒక ముక్కగా ఇచ్చేవాళ్లం. ఆ ముక్కనే వాల్యూమ్ అంటారు. దాన్ని వాడుకునే సర్వర్ ఆగిపోయినా, అసలు సర్వర్‌నే తీసేసినా, వాల్యూమ్ మాత్రం అలాగే ఉంటుంది. తీసుకెళ్లి మరో సర్వర్‌కు తగిలిస్తే లోపల దాచుకున్నది ఉన్నది ఉన్నట్టు దొరుకుతుంది. నా ఉద్యోగమంతా అదే. ఇతరులు దాచుకున్నది చెక్కుచెదరకుండా చూడడం. "నువ్వు చేసేది వాచ్‌మన్ పనే కదా" అని మావారు ఆటపట్టించేవారు. నాకా మాట ఇష్టంగానే ఉండేది.

మా జట్టులో నా తర్వాత సీనియర్ ఒకతను ఉండేవాడు. కొండాపూర్ పక్కన అపార్ట్‌మెంట్ల మధ్య పేరుకు మాత్రం మిగిలిన ఒక ఊరు అతనిది. నేను కాకినాడ వైపు నుంచి వచ్చినదాన్ని. మొదట్లో నా 'అండీ'లను అతను వెక్కిరించేవాడు, అతని 'గిట్ల, గట్ల'లను నేను వెక్కిరించేదాన్ని. తర్వాత నన్ను అక్కా అనడం మొదలుపెట్టాడు. డేటా సెంటర్‌లో అంత హోరులోనూ అతని మాట ఆగేది కాదు. ఫ్యాన్లను మించి అరుస్తూ వాళ్ల బాబాయి బర్రెల సంగతులు చెబుతూనే చేతులతో డిస్కు మార్చేసేవాడు. ఒక్కసారి కూడా తప్పు బోల్టు విప్పలేదు.

ఇక అసలు సంగతి. మా ఆఫీసు మూడో అంతస్తులో గోడలకు స్పాంజి అంటించిన చిన్న గది ఒకటి ఉండేది. గొంతు క్యాన్సర్ ముదిరినవాళ్లకు ఆపరేషన్‌లో స్వరపేటిక మొత్తం తీసేస్తారు. ఆ తర్వాత మెడ మీద పెట్టిన రంధ్రంలోంచి ఊపిరి తీసుకుంటారు. అందరికీ మాట తిరిగి రాదు. అయితే ఆపరేషన్‌కు ముందే వాళ్ల గొంతు కొన్ని గంటలపాటు రికార్డు చేసి దాచుకుంటే, తర్వాత ఫోన్‌లో టైపు చేసిన మాటను వాళ్ల సొంత గొంతుతోనే పలికించవచ్చు. మా సంస్థ సమాజసేవ కింద ఆ పని మొదలుపెట్టింది. ఒక క్యాన్సర్ దవాఖాన నుంచి రోగులను పంపేవారు. ఆ జట్టుకు పెద్ద వరంగల్ వైపు అమ్మాయి. ముప్పై దాటి ఉంటుంది. వచ్చినవాళ్లను తనే కూర్చోబెట్టి, గోరువెచ్చటి నీళ్లిచ్చి, మైకు సరిచేసి, ఒక్కొక్క వాక్యం చదివించేది.

జాగా సరిపోవడం లేదని ఆ అమ్మాయి అడిగితే చూద్దామని ఒకసారి వెళ్లాను. లోపల ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. చదువు రాదు కాబట్టి అమ్మాయి ఒక్కో వాక్యం చెబుతుంటే ఆవిడ తిరిగి చెబుతోంది. 'దయచేసి కిటికీ తలుపు మూయండి' అనేసరికి ఆవిడ ఆగిపోయింది.

"ఈ మాటలు మేమెప్పుడంటం బిడ్డా? గిట్ల మాట్లాడితె మా ఇంట్ల నవ్వుతరు. నేను నా లెక్క మాట్లాడ్త. అది పట్టుకో."

అని, ఎదురుగా మనవడు ఉన్నట్టే ఊహించుకుని, బూట్లు ఇంట్లోకి వేసుకొచ్చావని మొదలుపెట్టి, హోంవర్క్ దాకా వెళ్లి, గొంతు బొంగురుపోతున్నా ఆపకుండా తిట్టింది. అమ్మాయి రికార్డింగు ఆపలేదు. ఆ అమ్మాయి అడిగినదానికి రెట్టింపు జాగా ఇచ్చేశాను.

ఆ మరుసటి ఏడాది సంస్థలో లేఆఫ్‌లు వచ్చాయి. లాభం తెచ్చే జట్లనే వదల్లేదు, ఆ గదిని వదులుతారా? అమ్మాయితో సహా జట్టు మొత్తాన్ని ఒక్క మధ్యాహ్నం పంపేశారు. రికార్డింగులు జాగ్రత్త అని తను హెచ్‌ఆర్ వాళ్లకు చెప్పిందట. "అవన్నీ ఐటీ వాళ్లు చూసుకుంటారు" అన్నారట. ఐటీ వాళ్లమైన మాకు ఎవరూ చెప్పలేదు. వాళ్ల సర్వర్లను తీసేశారు. బ్యాకప్పులు సర్వర్ల పేరు మీద ఉండేవి గనుక, సర్వర్లు పోయాక కొంతకాలానికి అవీ గడువు తీరి పోయాయి. వాల్యూములు మాత్రం మిగిలాయి. ఏ సర్వర్‌కూ తగిలించి లేవు. సొంతదారు అన్న చోట పనిచేయని ఒక మెయిల్ అడ్రసు ఉంది. అలా ఎవరివో తెలియని వాల్యూములు అప్పటికే మా దగ్గర వందల్లో ఉన్నాయి. వాటిలో ఇవీ కలిసిపోయాయి.

కొత్త డిస్కులు కావాలని మేం అడుగుతూనే ఉన్నాం, పైవాళ్లు వాయిదా వేస్తూనే ఉన్నారు. ఉన్నవి నిండిపోతున్నాయి. సొంతదారు లేని వాల్యూములను తీసేద్దామని మా మేనేజర్ మీటింగు పెట్టాడు. అతను నాకంటే బాగా చిన్నవాడు, విజయవాడ కుర్రాడు, మంచివాడు. ఇప్పటికీ అతని మీద నాకు కోపం లేదు.

"తీసేయడం కాదండీ, ముందు ఎవరివో కనుక్కోవాలి" అన్నాను.

"నిజమే మేడం. కనుక్కునేలోపు నిండిపోతే ఏం చేద్దాం చెప్పండి."

చివరికి మధ్యే మార్గం ఒకటి ఒప్పుకున్నాం. వాటిని ట్రాష్‌లో పడేయాలి. అక్కడ మూడు నెలలు ఉంచాలి. సొంతదారులకు మెయిళ్లు పెట్టాలి. ఆలోపు ఎవరైనా వస్తే తిరిగి ఇచ్చేయాలి. మెయిళ్లు వెళ్లాయి. ఉద్యోగం పోయినవాళ్ల మెయిళ్లను చదివేవాళ్లు ఎక్కడుంటారు?

మూడు నెలలు నిండలేదు. ఒక మధ్యాహ్నం ఒకే బీరువాలోని డిస్కులు వరసపెట్టి పాడవడం మొదలైంది. ఒక డిస్కు పోతే అందులోని సమాచారాన్ని వ్యవస్థ తనంతట తనే మిగతా డిస్కుల మీదికి తిరిగి రాసుకుంటుంది. దానికి జాగా కావాలి. మాకు జాగా లేదు. ఒక హద్దు దాటితే మొత్తం వ్యవస్థ రాయడం ఆపేస్తుంది. అంటే మా మీద నడుస్తున్న ఆస్పత్రుల వార్డుల్లో కంప్యూటర్లన్నీ ఒక్కసారే ఆగిపోతాయి. ఏ రోగికి ఏ మందు ఎప్పుడివ్వాలో నర్సులు చూసుకునేది అందులోనే.

మేనేజర్ ఫోన్‌లో ఉన్నాడు. వెంటనే ఖాళీ చేయగలిగింది ట్రాష్ ఒక్కటే. నా పక్కన కూర్చున్న మావాడు, ఆ కొండాపూర్ అతను, నా వైపు చూశాడు. ఫోన్‌లోంచి "చేసేయండి" అని వినిపించింది. వేరే దారి నాకూ కనబడలేదు. మేనేజర్ సీట్లో నేనుంటే నేనూ అదే చెప్పేదాన్ని. మావాడు ట్రాష్ ఖాళీ చేశాడు. ఎంత జాగా నిండిందో చూపే అంకె కిందికి దిగింది. ఒక్క ఆస్పత్రి కూడా ఆగలేదు. ఆ సాయంత్రం మేనేజర్ అందరికీ బిర్యానీ తెప్పించాడు. మావాడు రెండుసార్లు వడ్డించుకుని, వాళ్ల బాబాయి కొత్తగా కొన్న బర్రె గురించి చెప్పాడు. అందరం నవ్వుకున్నాం.

కొన్ని వారాల తర్వాత వరంగల్ అమ్మాయి నాకు ఫోన్ చేసింది.

"మేడం, బాగున్నరా? ఒక చిన్న పని పడ్డది. మా రికార్డింగులు ఉన్నయి గదా, వాటికి వేరే వాలంటీర్లు దొరికిన్రు. ఉచితంగనే గొంతులు తయారుచేస్తమంటున్నరు. దవాఖానల పేషెంట్లు అడుగుతున్నరు. ఫైళ్లు కాపీ చేసిస్తె చాలు."

ఆ అమ్మాయి గొంతులో ఎంతో సంతోషముంది. చూసి చెబుతానని ఫోన్ పెట్టేశాను. అప్పటికి నాకేమీ తెలియదు. పాత జాబితాలో వాళ్ల ప్రాజెక్టు పేరు వెతికాను. కనబడింది. ఎదురుగా 'తొలగించబడింది' అని ఉంది. మావాడిని పిలిచి చూపించాను. 

"అక్కా, ఇవి ఆ ముసలమ్మోల్లవేనా? మూడో ఫ్లోర్ల?"

"అవును."

"ఇంకేడన్న కాపీ ఉంటది గదా. జర మంచిగ చూడు."

చూశాను. ఎక్కడా లేదు. ఖాళీ అయిన జాగాలో అప్పటికే కొత్త సమాచారం పడిపోయింది. అప్పుడు మావాడికే తట్టింది, ఆ రోజు పాడై బయటికి తీసిన డిస్కుల సంగతి. అవి ట్రాష్ ఖాళీ చేయకముందే ఆగిపోయినవి. కాబట్టి పాత సమాచారం వాటి మీద ఇంకా ఉండాలి. పాత డిస్కులను నుజ్జు చేసే కాంట్రాక్టరు రాక ఆలస్యమై అవి ఇంకా స్టోర్‌రూంలో అట్టపెట్టెలోనే ఉన్నాయి. వెళ్లి ఆ పెట్టెను తనే ఎత్తుకొచ్చి నా బల్ల మీద పెట్టాడు. పిల్లవాడిని పడుకోబెట్టినట్టు పెట్టాడు.

ఇక్కడ ఒక విషయం మీకు అర్థం కావాలి. ఒక వాల్యూమ్‌లోని సమాచారం ఒక డిస్కు మీద ఉండదు. చిన్న చిన్న ముక్కలై వందల డిస్కుల మీద చెదిరి ఉంటుంది. మా దగ్గరున్నవి కొన్ని డిస్కులే. అవీ పాడైనవి. వాటిని చదివిస్తే సగం చోట్ల చదవలేనంటూ ఆగిపోయేవి. మిగతా చోట్ల ఎవరెవరివో ముక్కలు వచ్చేవి. వాటిలో గొంతు ముక్కలను ఏరుకున్నాం. మామూలు పని చేసుకుంటూ మిగిలిన వేళల్లో చాలా వారాలు ఇదే పని. ఒక్కో ముక్క అర నిమిషం కూడా లేదు. కొన్నిట్లో ఒకే ఒక వాక్యం. కొన్నిట్లో దగ్గు. ఒకదాంట్లో వాక్యం మొదలవకముందు కుర్చీ జరిగిన చప్పుడు, అంతే.

వీటితో కొత్త గొంతు తయారుచేయడం కుదరదని వాలంటీర్లు చెప్పేశారు. దానికి గంటల కొద్దీ రికార్డింగు కావాలి. సరే, కనీసం ఎవరి ముక్క వాళ్లకిద్దాం, ఇంట్లో దాచుకుంటారు అనుకున్నాం. అక్కడే ఇంకో దెబ్బ తగిలింది. ఏ రికార్డింగు ఎవరిదో రాసి ఉన్న ఫైలు వేరే చిన్న వాల్యూమ్‌లో ఉండేది. అందులోంచి ఒక్క ముక్క కూడా దొరకలేదు. గొంతులున్నాయి. అవి ఎవరివో చెప్పేది లేదు. ఎవరివో వాళ్లనే అడుగుదామంటే, వాళ్లు మాట్లాడలేరు.

అందుకని దవాఖానవాళ్లు కుటుంబాలను మా ఆఫీసుకు పిలిపించారు. ఒక పొద్దున్న పెద్ద మీటింగు గదిలో స్పీకర్లు పెట్టాం. వరంగల్ అమ్మాయి కూడా వచ్చింది. ఒకప్పుడు తన సొంత బ్యాడ్జీతో తిరిగిన చోటికి సందర్శకుల బ్యాడ్జీ మెడలో వేసుకుని వచ్చింది. వచ్చినవాళ్లలో కొందరు మెడ చుట్టూ తెల్ల గుడ్డ కట్టుకున్నవాళ్లు. కొందరికి రోగి ప్రాణాలతో లేడు, భార్యో కొడుకో వచ్చారు. ఏం పోయిందో, ఎలా పోయిందో నేనే లేచి చెప్పాను. ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండేది.

ముక్కలు ఒక్కొక్కటీ వినిపించడం మొదలుపెట్టాం. మనవడిని తిట్టిన పెద్దావిడ ముక్క ఒకటి దొరికింది. 'బూట్లిప్పమంటె ఇనవు' అన్నంత వరకే ఉంది. వెనక వరసలో కూర్చున్న ఒకామె కుర్చీలోంచి లేచి నిలబడింది. "మా అమ్మ" అంది. ఆవిడ పోయి అప్పటికి చాలా నెలలైందట. మళ్లీ మళ్లీ వినిపించమంది. వినిపించాం. అలా ఆ రోజు కొన్ని గొంతులు మనుషులను చేరాయి. ఆ కాసేపు నాకు కొంచెం ఊపిరి ఆడింది.

ముందు వరసలో ఒక జంట కూర్చుని ఉన్నారు. ఆయన పొడుగ్గా, ఎముకలు తేలి ఉన్నాడు. జీడిమెట్లలో రంగుల ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర పనిచేసేవాడట. ఆపరేషన్ అయి ఏడాది దాటింది. వాళ్లావిడ ఒక స్కూల్లో వంట చేస్తుంది. ఆయన పెదాలు కదిపితే ఆవిడ చదివి మాకు చెబుతోంది. వినిపించిన ప్రతి మగగొంతుకూ ఆవిడ కళ్లు మూసుకుని వింటోంది. ఆయన ఆవిడ ముఖమే చూస్తున్నాడు.

చివరికి ఎవరూ తమదనని ముక్కలు కొన్ని మిగిలాయి. అన్నీ మగగొంతులే. ఒకే రోగం కదా, అన్నీ ఒకే రకంగా బొంగురు. అన్నీ పుస్తకం భాషలో తడుముకుంటూ చదువుతున్నవే. మిగతా కుటుంబాలు వెళ్లిపోయాయి. ఈ జంట మాత్రం ఉండిపోయారు. ఆ ముక్కలను మళ్లీ మొదటినుంచి వినిపించాం. ఒకదాని దగ్గర ఆయన చెయ్యెత్తాడు.

"ఇదేమో అంటున్నడు మేడం" అందావిడ. "నాకైతె గాదనిపిస్తంది. ఈయనకెట్ల తెలుస్తది? ఎవని గొంతు వానికి బయటికెల్లి ఇన్నప్పుడు వేరే తీరుగ ఉంటది గద."

"ఇంట్లో పాత ఫోన్లలో ఏమైనా మాటలు రికార్డయి ఉన్నాయా అమ్మా?" అని అడిగాను. "పోల్చి చూద్దాం."

"చిన్న ఫోనే మేడం మాది. మా ఆడిబిడ్డ బిడ్డ పెండ్లి వీడియోల ఉన్నడు. దాంట్ల మొత్తం బ్యాండు సప్పుడే."

ఇంకోసారి వినిపించాం. ఆవిడ కళ్లు మూసుకుంది. తర్వాత కొంగుతో ముఖం తుడుచుకుని, నా వైపు తిరిగి, ఆయనకు వినబడకూడదన్నట్టు మెల్లగా అంది.

"నిజం చెప్పాల్నంటె మేడం, నాకు యాదికొస్తలేదు. అన్నీ ఆయనవే అనిపిస్తున్నయి. ఏదీ ఆయనది కాదనిపిస్తంది. ఇన్నేండ్లు ఇన్న గొంతు, ఏడాదికే ఎట్ల పోయింది?"

ఆయన గొంతే పోయింది గానీ చెవులకేం కాలేదు. విన్నాడు.  ఆయన తన చెయ్యి ఆవిడ వీపు మీద వేసి రెండుసార్లు తట్టాడు. లేచి ఆవిడను తీసుకుని వెళ్లిపోయాడు. మావాడు లిఫ్టు దాకా వాళ్ల వెంట వెళ్లి, తిరిగొచ్చి, స్పీకర్ల వైర్లు చుట్టడం మొదలుపెట్టాడు. చుట్టడం అయిపోయినా మళ్లీ విప్పి చుట్టాడు.

ఆ మిగిలిన ముక్కలను నేను ఒక చిన్న వాల్యూమ్‌లో పెట్టి, సొంతదారు చోట నా పేరు రాసుకున్నాను. రెండు వారాలు కాకుండానే లీగల్ విభాగం నుంచి మెయిల్ వచ్చింది. ఎవరివో తెలియని రోగుల సమాచారాన్ని వాళ్ల అనుమతి లేకుండా సంస్థ దగ్గర ఉంచుకోకూడదు, వెంటనే తొలగించాలి. చట్టం ప్రకారం వాళ్లన్నది తప్పు కాదు. మేనేజర్ దగ్గరికి వెళ్లాను.

"ఆ కుటుంబాలవాళ్లు ఇంకా గుర్తుపట్టే అవకాశం ఉందండీ. లీగల్ వాళ్లను కొన్ని నెలలు ఆగమనండి."

"నేను అడిగాను మేడం. రెండుసార్లు అడిగాను. అసలు ఈ సంగతి బయటికొస్తే ఎలాగా అని వాళ్ల భయం."

"కుటుంబాలకు కాపీలు ఇచ్చేస్తాను. మా దగ్గర ఉండవు కదా అప్పుడు."

"ఎవరిది ఎవరికి ఇస్తారు?"

 తొలగించవద్దని లీగల్ వాళ్లకు రాతపూర్వకంగా పెట్టాను. 'మీ అభిప్రాయాన్ని గమనించాం' అని జవాబొచ్చింది. మావాడు ఆ పని తన చేతులతో చేయనని మేనేజర్‌కు ముఖం మీదే చెప్పేశాడు. నేనూ చేయనన్నాను. మేం చేయకపోతే ఏం, ఆ పని అప్పగించే టికెట్ మా బెంగళూరు ఆఫీసు జట్టుకు వెళ్లింది. అక్కడ ఎవరో షిఫ్టులో ఉన్న మనిషి, అవి ఏమిటో తెలియకుండానే తొలగించి, టికెట్ మూసేసి, సేవ ఎలా ఉందో అభిప్రాయం చెప్పమని నాకు మెయిల్ పెట్టాడు.

ఆ తర్వాతి సోమవారం రిసెప్షన్ నుంచి ఫోన్ వచ్చింది, కింద మీకోసం ఎవరో ఇద్దరు వచ్చారని. నేనూ మావాడూ దిగాం. ఆ జంటే. ఆవిడ ముఖం వెలిగిపోతోంది. మమ్మల్ని చూడగానే కుర్చీలోంచి లేచింది.

"యాదికొచ్చింది మేడం. నిన్న సీసాల నీళ్లు నింపుతుంటె ఒక్కసారిగ యాదికొచ్చింది. ఈయన మంచినీళ్లు అనేటప్పుడు ఆఖరికి జర పైకి లేపుతుండె. ఎవల్నో పిలిచినట్టు. నేను ఎప్పుడూ నవ్వుతుండె. మీరు ఇనిపిచ్చిన దాంట్ల ఒకటి మంచినీళ్లు అని ఉంది గద? ఒక్కసారి ఇనిపియ్యున్రి. ఆఖరికి లేపుతె ఈయనే. ఇగ ఫికర్ లేదు."

అవును, అలాంటి ముక్క ఒకటి ఉండేది. 'నాకు మంచినీళ్లు కావాలి.' ఎన్నోసార్లు విన్నాను. ఆ నిలబడిన చోటనే దాన్ని గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాను. మాటలు గుర్తున్నాయి. బొంగురు గుర్తుంది. ఆ 'నీళ్లు' దగ్గర గొంతు పైకి లేచిందో లేదో మాత్రం ఎంత ప్రయత్నించినా రాలేదు. మావాడి వైపు చూశాను. వాడూ అదే వెతుక్కుంటున్నాడని ముఖం చూస్తేనే తెలిసింది. వాడికీ రాలేదు.

నేను నోరు తెరిచేలోపు వాడే చెప్పాడు.

"అవి లెవ్వమ్మా."

"లెవ్వంటె? మొన్ననే ఇనిపిచ్చిన్రు గద."

"తీసేసిన్రు."

"ఎవరు?"

మావాడు నా వైపు చూశాడు. ఎవరని చెప్పను? లీగల్ వాళ్లు మెయిలే పెట్టారు. మేనేజర్ దాన్ని ముందుకు పంపాడంతే. బెంగళూరు మనిషికి అవేమిటో తెలియనే తెలియదు.

"మేమేనమ్మా" అన్నాను.

ఆవిడకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. తర్వాత మెల్లగా కుర్చీలో కూలబడింది. రిసెప్షన్‌లో బ్యాడ్జీలు తగిలించుకుంటూ, కాఫీ కప్పులు పట్టుకుని జనం వస్తున్నారు, పోతున్నారు.  పక్కనున్న స్తంభానికి ఆనుకున్నాను. ఆయన నా వైపు చూసి పెదాలు కదిపాడు. నాకు అర్థం కాలేదు. ఆవిడ తలెత్తి చూసి, తన గొంతుతో చెప్పింది.

"తిన్నవా అని అడుగుతున్నడు మేడం. మొఖం పీక్కపోయిందట."

తిన్నానని తలూపాను. ఆ పొద్దున్నుంచి ఏమీ తినలేదు.

మావాడు ఆ తర్వాత ఎక్కువ కాలం మా జట్టులో ఉండలేదు. అడిగి మరీ డిస్కుల ఊసే లేని విభాగానికి మారిపోయాడు. కనబడితే పలకరించేవాడు. ఆ మాటలు మాత్రం పోయాయి. బాబాయి ఎలా ఉన్నాడని నేనే అడిగితే, బాగున్నడక్కా అని ఊరుకునేవాడు. సంస్థలో కొత్త నిబంధన వచ్చింది. సొంతదారు పేరు లేకుండా వాల్యూమ్ ఇవ్వకూడదట. కొత్త డిస్కులు కూడా వచ్చాయి. మీరు ఇప్పుడు పనిచేస్తున్నది వాటి మీదే. బాగా పనిచేస్తాయి. మీకు జాగాకు కొదవ ఉండదు.

ఆ సోమవారం వాళ్లను మెట్రో దాకా దింపుతానన్నాను. అక్కర్లేదన్నారు. గాజు తలుపుల్లోంచి బయటికి వెళ్లి, ఎండలో క్యాబుల మధ్యగా గేటు వైపు నడిచారు. నేను లోపలినుంచి చూస్తూ నిలబడ్డాను. తలుపు ఇంకా పూర్తిగా మూసుకోలేదు. ఆవిడ 'మంచినీళ్లు' అంటోంది. చివర పైకి లేపి, తలెత్తి ఆయన ముఖంలోకి చూస్తోంది. ఆయన కాదన్నట్టు తల ఊపుతున్నాడు. ఆవిడ మళ్లీ ఇంకో రకంగా అంటోంది. ఆయన మళ్లీ తల అడ్డంగా ఊపుతున్నాడు. గేటు దాటేదాకా అంతే.